వీరుల కన్నీటికి 34 ఏళ్ల తాళం

తెర వెనక

యుద్ధం గెలిచి వచ్చారు. కానీ నిద్ర పట్టదు. కాలు కదలదు. సొంత పేరు గుర్తురాదు. ఒంటిమీద చూస్తే చిన్న గీత కూడా లేదు! అలాంటి సైనికుల్ని ఆస్పత్రిలో దగ్గరుండి చిత్రీకరించిందో కెమెరా. తీయమన్నది అమెరికా సైన్యమే. తీరా తీశాక ఎవరి కంటా పడకుండా దాచేసిందీ ఆ సైన్యమే!

నౌక రేవుకు చేరింది. సైనికులు దిగుతున్నారు. కొందరు స్ట్రెచర్ల మీద... కొందరు చంకకర్రల సాయంతో... ఇంకొందరు తలకీ చేతులకీ కట్లతో. వాళ్లకేమైందో ఎవరూ అడగనక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది. ఆ వెనకే మరికొందరు వస్తున్నారు. కాళ్లూ చేతులూ నిక్షేపంగా ఉన్నాయి. ఎక్కడా కట్టు లేదు, కుట్టు లేదు. కానీ నడకలో ఊపు లేదు. చూపు ఎక్కడో ఉంది. ఎదురుగా ఉన్నది సొంత దేశమే అయినా, ఇల్లు చేరామన్న సంబరం ఆ ముఖాల్లో మచ్చుకైనా కనిపించదు.

వాళ్లకూ గాయాలయ్యాయి. అవి కంటికి కనపడనివి... అంతే తేడా.

‘లెట్ దేర్ బి లైట్’ అనే సినిమా మొదలయ్యేది ఇలాగే. వెలుగు రావాలన్న అర్థమిచ్చే ఆ పేరును బైబిలు తొలి పుటల్లోంచి తీసుకున్నారు. చిత్రమేమిటంటే, పేరులో వెలుగున్న ఆ సినిమా 34 ఏళ్లపాటు చీకట్లోనే ఉండిపోయింది.

సైన్యమే నిర్మాత!

జాన్ హ్యూస్టన్ పేరు హాలీవుడ్ అభిమానులకు కొత్త కాదు. 1941లో ‘ది మాల్టీస్ ఫాల్కన్’తో దర్శకుడిగా తొలి అడుగులోనే పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత అమెరికా యుద్ధంలోకి దిగింది. ఎందరో సినిమావాళ్లలాగే హ్యూస్టన్ కూడా యూనిఫాం వేసుకున్నాడు. అతని చేతికి తుపాకీకి బదులు కెమెరా ఇచ్చి, సైన్యంలోని సిగ్నల్ కోర్ విభాగంలో చేర్చారు. యుద్ధం గురించి డాక్యుమెంటరీలు తీయడమే ఉద్యోగం.

మొదట అలూషియన్ దీవుల్లోని సైనిక స్థావరం మీద ఒకటి తీశాడు. ఇటలీలోని శాన్ పియెట్రో గ్రామం కోసం జరిగిన పోరు మీద మరొకటి. ఆ రెండోది చూసిన సైనికాధికారులు కొందరికి ఒళ్లు మండింది. చనిపోయిన సైనికుల్ని అంత దగ్గరగా చూపిస్తే యుద్ధమంటే ఎవరికి ఉత్సాహం ఉంటుంది? సినిమాని పక్కన పెట్టేయాలన్నారు. చివరికి సైన్యాధిపతి జార్జ్ మార్షల్ అడ్డుపడ్డాడు. కొత్తగా చేరే కుర్రాళ్లు దీన్ని చూడాల్సిందేనన్నాడు. అలా అది బతికి బయటపడింది.

1945లో హ్యూస్టన్‌కి మూడో పని అప్పగించారు. ఈసారి యుద్ధరంగానికి వెళ్లనక్కర్లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో బ్రెంట్‌వుడ్ అనే ఊరుంది. అక్కడి మేసన్ జనరల్ ఆస్పత్రికి వెళ్తే చాలు. మనసు చెదిరిన సైనికులకు చికిత్స చేయడానికి సైన్యం నడిపిన పెద్ద ఆస్పత్రుల్లో అదొకటి.

సైన్యానికి ఆ సినిమాతో అవసరం ఉంది. యుద్ధం ముగుస్తోంది. లక్షల మంది ఇళ్లకు తిరిగొస్తున్నారు. వాళ్లందరికీ ఉద్యోగాలు కావాలి. కానీ ‘మానసిక సమస్యతో సైన్యం నుంచి పంపించేశారు’ అని కాగితం మీద ఉంటే ఏ యజమాని పిలిచి పనిస్తాడు? పిచ్చివాడనుకుని తలుపేసుకుంటాడు. అది తప్పనీ, వీళ్లు అందరిలాంటి వాళ్లేననీ, చికిత్సతో కోలుకుని చక్కగా పనిచేసుకోగలరనీ దేశానికి చెప్పాలి. అదీ ఆదేశం.

సమస్య చిన్నదేం కాదు. సైన్యంలోని మొత్తం క్షతగాత్రుల్లో దాదాపు 20 శాతం మందికి తగిలింది మనసు గాయమేనని సినిమా మొదట్లోనే చెబుతుంది. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు!

కెమెరా అక్కడే ఉంది

ఆస్పత్రికి కొత్తగా వచ్చిన ఒక బృందాన్ని చేరిన రోజు నుంచి ఇంటికెళ్లే రోజు వరకూ వెంట ఉండి చిత్రీకరించాడు హ్యూస్టన్. దృశ్యాలేవీ నటింపజేసినవి కావనీ, జరిగింది జరిగినట్టే కెమెరా పట్టుకుందనీ సినిమా మొదట్లోనే తెరమీద రాశారు. వ్యాఖ్యానం చెప్పిన గొంతు హ్యూస్టన్ తండ్రిది. ఆయన ప్రముఖ నటుడు వాల్టర్ హ్యూస్టన్.

డాక్టరు గదిలో బల్లకి ఇటు డాక్టరు, అటు సైనికుడు. ప్రశ్నలు మామూలువే. ఎలా ఉన్నావు? నిద్ర పడుతోందా? ఏం గుర్తొస్తోంది? జవాబులు మాత్రం మామూలువి కావు. ఒకతను మాటమాటకీ ఆగిపోతాడు. మరొకతను కళ్లెత్తి చూడడు. ఇంకొకతను... నల్లజాతి యువకుడు. ప్రియురాలు పంపిన ఫొటో సంగతి చెబుతూ ఉన్నట్టుండి ఏడ్చేస్తాడు. వెక్కిళ్లు ఆగవు. తనని తాను సంభాళించుకోవాలని చూస్తాడు. చేతకాదు. డాక్టరు తొందర పెట్టడు. ఏడుపు తప్పేమీ కాదన్నట్టు మాట్లాడతాడు.

ఆ ఒక్క దృశ్యం చాలు, ఆ సినిమా ఎంత సాహసమో చెప్పడానికి. అప్పటికి అమెరికా సైన్యంలో తెల్లవాళ్ల దళాలు వేరు, నల్లవాళ్ల దళాలు వేరు. ఆ వివక్షకు ముగింపు పలుకుతూ అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948లో. అంతకు మూడేళ్ల ముందే ఈ సినిమాలో అందరూ ఒకేచోట కూర్చుంటారు. ఒకే డాక్టరుకి గోడు చెప్పుకుంటారు. భయానికి రంగు తేడా లేదని ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. చూసేవాళ్లకే అర్థమైపోతుంది.

నడక... మాట... పేరు

సినిమా చూసినవాళ్లెవరూ మర్చిపోలేని ఘట్టాలు మూడున్నాయి.

మొదటిది: ఓ సైనికుడికి కాళ్లు పనిచేయవు. ఇద్దరు చెరోవైపూ పట్టుకుంటే తప్ప అడుగు పడదు. పరీక్షలు చేస్తే ఎముక బాగుంది, నరం బాగుంది. మరి? మనసు కాళ్లకు తాళం వేసిందంటారు డాక్టర్లు. సోడియం అమైటాల్ అనే మందుని నరంలోకి ఎక్కిస్తారు. మెల్లగా మగత కమ్ముకుంటుంది. ఆ స్థితిలో మాట్లాడిస్తే ఇంటి గురించీ, తల్లిదండ్రుల గురించీ గుండెలో గూడుకట్టుకున్న బెంగంతా బయటికొస్తుంది. ఆ తర్వాత లేచి నడవమంటారు. నడుస్తాడు!

రెండోది: మరొకతనికి మాట పెగలదు. నత్తి... ఒక్కో అక్షరం దగ్గరా యుద్ధమే. అదే మందు ఎక్కించాక మాట ఒక్కసారిగా కట్టలు తెంచుకుంటుంది. తన గొంతు తనకే వినిపించేసరికి అతను ఆనందంతో కేకలు పెడతాడు.

మూడోది: ఒకినావా పోరులో తన దగ్గర్లో గుండు పేలాక ఒక సైనికుడు పేరుతో సహా అన్నీ మర్చిపోయాడు. ఇతనికి వాడింది హిప్నాటిజం. డాక్టరు గొంతు వెంట అతను మళ్లీ ఒకినావాకి వెళ్తాడు. ఆ చప్పుళ్లు వింటాడు. వణికిపోతాడు. భయంతోపాటే జ్ఞాపకాలూ తిరిగొస్తాయి. పేరూ గుర్తొస్తుంది.

ఈ మందు సంగతి మనవాళ్లకూ ఎంతో కొంత తెలిసిందే. పోలీసుల నార్కో పరీక్షల పుణ్యమా అని ‘నిజం చెప్పించే మందు’గా ప్రచారమైన సోడియం పెంటథాల్ దీని కుటుంబంలోదే. నిందితుల మీద వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా ఆ పరీక్ష చేయడం రాజ్యాంగ విరుద్ధమని మన సుప్రీంకోర్టు 2010లో తీర్పిచ్చింది. మేసన్ ఆస్పత్రిలో దాన్ని వాడింది నేరం ఒప్పించడానికి కాదు, దిగమింగుకున్న బాధని బయటికి రప్పించడానికి.

చూడ్డానికి ఇదంతా మాయలా ఉంటుంది. ఆ మాటకొస్తే సినిమా కూడా ఒక హెచ్చరిక చేస్తుంది. నడక వచ్చినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదనీ, అసలు చికిత్సకు అది మొదలు మాత్రమేననీ వ్యాఖ్యానంలో చెబుతారు. ఆ తర్వాత వారాలపాటు సాగేదే అసలు పని. గుంపుగా కూర్చుని మాట్లాడుకోవడం, చేతిపనులు, సంగీతం, ఆటలు, ఇంటివాళ్ల రాకపోకలు... బయటికెళ్తే యజమానులు తమని ఎలా చూస్తారోనన్న దిగులు కూడా ఆ కబుర్లలో దొర్లుతూ ఉంటుంది.

అంతకు ముందూ ఓ కెమెరా!

సైనికుల మనసు గాయాల్ని సినిమా తీయడం ఇదే మొదటిసారి కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలోనే ఆ పని జరిగింది.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో నెట్లీ అనే చోట బ్రిటిష్ సైన్యానికి పెద్ద ఆస్పత్రి ఉండేది. భవనం పొడవే దాదాపు పావు మైలు. 1900లో ఏకంగా ఆస్పత్రి దాకా రైలు పట్టాలు వేశారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక గాయపడినవాళ్లు ఓడల్లో సముద్రం దాటి, అక్కడి నుంచి అంబులెన్సు రైళ్లలో ఆస్పత్రి ముంగిట్లోకే వచ్చేవారు. ఆ రైళ్లలోంచి దిగినవాళ్లలో ‘షెల్ షాక్’ బాధితులూ ఉన్నారు. బ్రిటిష్ సైన్యంలో వీళ్ల సంఖ్య యుద్ధం ముగిసేసరికి 80 వేలకు చేరిందని అంచనా. గుండ్ల మోతకు మెదడు అదిరిపోవడం వల్లే ఇలా అవుతోందని తొలుత అనుకున్నారు. గుండ్లు పడని చోట ఉన్నవాళ్లకూ అవే లక్షణాలు కనిపించడంతో ఆ లెక్క తప్పింది.

నెట్లీలోనూ, ఆ తర్వాత డెవన్‌లోని సీల్ హేన్ ఆస్పత్రిలోనూ పనిచేసిన డాక్టర్ ఆర్థర్ హర్స్ట్ 1917, 18 సంవత్సరాల్లో తన రోగుల్ని చిత్రీకరింపజేశాడు. ‘వార్ న్యూరోసిస్’ అనే ఆ మూకీ చిత్రం ఇప్పటికీ భద్రంగా ఉంది. అందులో ఒకరు గాలికి ఊగే చెట్టులా వణుకుతూ నడుస్తారు. ఒకరి నడుము వంగిపోయి ఉంటుంది. ‘బాంబు’ అన్న మాట చెవిన పడగానే ఒకతను మంచం కిందికి దూరిపోతాడు! మరుక్షణం తెరమీద అక్షరాలు... ఫలానా రోగికి ఇన్ని గంటల్లో నయమైందని. వెంటనే అదే మనిషి చక్కగా నడుస్తూ, పొలం పనులు చేస్తూ కనిపిస్తాడు.

దశాబ్దాల తర్వాత చరిత్రకారులు ఆ రీళ్లను పట్టి పట్టి చూశారు. ‘చికిత్సకు ముందు’ అని చూపించిన దృశ్యాల్లో కొన్నింటిని, రోగి కోలుకున్నాక మళ్లీ నటింపజేసి తీసి ఉండొచ్చని అనుమానించారు. అన్నేసి గంటల్లోనే నయం చేశానన్న మాటనీ సందేహించారు.

హ్యూస్టన్ కూడా ఈ విషయంలో పులుకడిగిన ముత్యమేం కాదు. శాన్ పియెట్రో సినిమాలోని పోరాట దృశ్యాలు చాలామటుకు తర్వాత మళ్లీ చేయించి తీసినవేనని చరిత్రకారులు తేల్చారు. బహుశా అందుకేనేమో, మేసన్ ఆస్పత్రి గదుల్లో దొరికిన నిజం అంత గట్టిగా తాకుతుంది. గొంతు పూడుకుపోవడాన్నీ, మాట వెతుక్కోవడాన్నీ ఏ దర్శకుడు మాత్రం చేయించగలడు?

ఓడెక్కితే వెనక్కి రాడు

యుద్ధం ఉన్నచోట రవాణా ఉంటుంది. మనిషిని మోసుకెళ్లడం సైన్యానికి తెలిసిన విద్యే. క్వీన్ మేరీ అనే ఒక్క ఓడలోనే 1943 జులైలో ఒకేసారి 16,683 మంది అట్లాంటిక్ దాటారు. యుద్ధం ముగిశాక ‘మ్యాజిక్ కార్పెట్’ పేరిట 80 లక్షల మందికి పైగా అమెరికన్లను ఇంటికి చేర్చారు. కానీ మనసు చెదిరినవాణ్ని ఎంతదూరం తీసుకెళ్లాలి? ఈ ప్రశ్నే సైనిక వైద్యాన్ని వందేళ్లుగా వేధిస్తోంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో డాక్టర్లకి ఒక విషయం అర్థమైంది. భయంతో కుప్పకూలినవాణ్ని ఓడెక్కించి ఇంగ్లండ్ పంపిస్తే, అతను తిరిగి యుద్ధానికి రావడం అరుదు. పైగా లక్షణాలు ముదిరేవి. అదే యుద్ధరంగానికి దగ్గర్లోనే ఒక గుడారంలో కడుపునిండా తిండిపెట్టి, కంటినిండా నిద్రపోనిచ్చి, ‘నీకేం కాలేదు, త్వరలో నీ వాళ్ల దగ్గరికి వెళ్తావు’ అంటే చాలామంది కోలుకునేవారు. అమెరికా డాక్టరు థామస్ సాల్మన్ ఈ పద్ధతిని తమ సైన్యంలోకీ తెచ్చాడు. రెండో యుద్ధం వచ్చేసరికి అందరూ ఆ పాఠం మరిచారు. 1943లో ట్యునీసియాలో దెబ్బతిన్నాక మళ్లీ మొదట్నుంచీ నేర్చుకున్నారు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ గుడారంలో డాక్టరు పని మనిషిని బాగుచేయడమా, తుపాకీ పట్టే చేతిని బాగుచేయడమా? రెండూ ఒకటి కాదు. కోలుకున్నవాడు వెళ్లేది మళ్లీ ఆ గుండ్ల మధ్యకే! మేసన్ ఆస్పత్రికి చేరినవాళ్లు ఆ దశ దాటినవాళ్లు. వాళ్లు ఇక వెళ్లాల్సింది ఇంటికే. అందుకే అక్కడి డాక్టర్ల మాటల్లో తొందర కనిపించదు.

ఆ తర్వాతి యుద్ధాల్లో ప్రయాణం మరో ప్రశ్న తెచ్చింది. వియత్నాం నుంచి సైనికులు విమానమెక్కి రెండు మూడు రోజుల్లోనే ఇంటి గుమ్మంలో ఉండేవారు. నిన్న అడవిలో గుండ్ల వర్షం... ఇవాళ వంటింట్లో అమ్మ ఎదురుగా! అంత తేడాని మనసు తట్టుకోలేదంటారు కొందరు నిపుణులు. 1982లో ఫాక్లాండ్స్ నుంచి బ్రిటిష్ సైనికులు చాలామంది కాన్‌బెరా లాంటి ఓడల్లో వారాల తరబడి ప్రయాణించి వచ్చారు. తోటివాళ్లతో కలబోసుకోవడానికి దొరికిన ఆ సమయం మేలు చేసిందన్న అభిప్రాయం ఉంది. ఆ ఆలోచనతోనే అఫ్గానిస్థాన్ నుంచి తిరిగొచ్చే బ్రిటిష్ దళాల్ని నేరుగా ఇంటికి పంపకుండా దారిలో సైప్రస్‌లో ఆపి, సేదతీర్చి పంపేవారు.

చెంపదెబ్బ కాలం

ఇప్పుడు ఇదంతా మామూలుగా చెప్పుకుంటున్నాం కానీ, అప్పట్లో సైనికుడి భయమంటే జబ్బు కాదు, నేరం. మొదటి ప్రపంచ యుద్ధంలో పారిపోయారనో, పిరికితనం చూపించారనో 306 మంది బ్రిటిష్, కామన్వెల్త్ సైనికుల్ని సొంత సైన్యమే కాల్చి చంపింది. వాళ్లలో ఎందరు షెల్ షాక్ బాధితులో! బ్రిటన్ వాళ్లందరికీ క్షమాభిక్ష ప్రకటించింది 2006లో. దాదాపు తొంభై ఏళ్లు గడిచాక.

1943 ఆగస్టులో సిసిలీలో అమెరికా జనరల్ ప్యాటన్ ఆస్పత్రి గుడారాల్లో గాయపడినవాళ్లను పరామర్శిస్తున్నాడు. ఒంటిమీద గాయాల్లేని ఒక సైనికుడు కనిపించాడు. ఏమైందంటే తట్టుకోలేకపోతున్నానన్నాడు. ప్యాటన్ చెంప ఛెళ్లుమనిపించాడు. వారం తిరిగేసరికి మరో ఆస్పత్రిలో మరొకరికీ అదే దెబ్బ. పై అధికారి ఐసెన్‌హోవర్ మందలించి, క్షమాపణ చెప్పించాడు.

ఆ చెంపదెబ్బకీ హ్యూస్టన్ కెమెరాకీ మధ్య ఉన్నది రెండేళ్లే. ఒకటి ఏడ్చేవాణ్ని కొట్టింది, మరొకటి పక్కన కూర్చుని విన్నది.

రీళ్లు పట్టుకుపోయారు!

1946లో సినిమా సిద్ధమైంది. నిడివి గంటకు రెండు నిమిషాలు తక్కువ. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఇక వేయబోతారనగా మిలిటరీ పోలీసులొచ్చి రీళ్లు స్వాధీనం చేసుకున్నారు!

అదేమంటే, సైనికుల ఆంతరంగిక విషయాల్ని కాపాడటానికే అన్నారు అధికారులు. వాళ్లందరి దగ్గరా సంతకాలు తీసుకున్నామన్నాడు హ్యూస్టన్. తీరా చూస్తే ఆ కాగితాలు మాయమయ్యాయి. అసలు కారణం వేరే ఉందని అతను చివరివరకూ నమ్మాడు. యుద్ధానికెళ్లిన అమెరికన్ మరింత బలవంతుడై తిరిగొస్తాడన్న కథ ఒకటి జనంలో ఉంది. ఈ సినిమా దాన్ని పగలగొడుతుంది. అదీ సైన్యం బాధ అని తన ఆత్మకథలో రాసుకున్నాడు. జేమ్స్ ఏజీ లాంటి విమర్శకులు ఆ రోజుల్లోనే ఈ నిషేధాన్ని దుయ్యబట్టారు.

1940ల చివర్లో సైన్యం ఇదే అంశంతో మరో సినిమా తీయించింది. పేరు ‘షేడ్స్ ఆఫ్ గ్రే’. మేసన్ ఆస్పత్రి సంభాషణల్ని తీసుకుని నటులతో చెప్పించారు. ఈసారి రోగులంతా తెల్లవాళ్లే! మనసు చెదరడానికి యుద్ధం కన్నా చిన్ననాటి పెంపకమే మూలమన్న ధోరణిలో సాగుతుందది.

మరి సైన్యం చెప్పిన కారణం పూర్తిగా సాకేనా?

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మందు మగతలో ఉన్న మనిషి, తన పేరే మరిచిపోయిన మనిషి... కెమెరాకి ఒప్పుకున్నానని పెట్టిన సంతకానికి విలువెంత? అతను కోలుకుని, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కన్నాక... వీధిలో వాళ్లంతా అతని ఏడుపుని తెరమీద చూస్తే? మన దగ్గరే చూడండి. ఇంట్లో ఎవరికైనా మానసిక సమస్య ఉందంటే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని డాక్టరు దగ్గరికి కూడా చాటుగా వెళ్లేవాళ్లెందరో! మన దేశంలో 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్స పొందుతున్నవారి ఫొటోగానీ వివరాలుగానీ వాళ్ల అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని స్పష్టంగా చెబుతోంది. ఆ లెక్కన సైన్యం లేవనెత్తిన ప్రశ్న సరైనదే.

కానీ ఆ ప్రశ్నకి అది చెప్పిన జవాబే సరైంది కాదు. ఆ సైనికుల మేలు కోరేవాళ్లయితే కాగితాలు వెతికేవారు, లేదంటే వాళ్లనే మళ్లీ అడిగేవారు. అసలు సినిమాని మూలనపడేసి, నటుల సినిమాలోంచి నల్లవాళ్లనీ, యుద్ధం చేసిన గాయాన్నీ తీసేయాల్సిన పనేముంది? దాచింది సైనికుడి ముఖాన్నొక్కదాన్నే అయితే సరేననుకోవచ్చు. దాంతోపాటు యుద్ధం ముఖాన్నీ దాచారు.

నష్టపోయిందీ సైనికులే. ఈ సినిమా 1946లోనే ఊరూరా ఆడి ఉంటే, ఉద్యోగమిచ్చే యజమాని చూసేవాడు. అర్ధరాత్రి కేకలేసి లేచే భర్తని చూసి హడలిపోయే భార్య చూసేది. మాట్లాడని కొడుకుని చూసి కుమిలిపోయే తండ్రి చూసేవాడు. తమ ఇంట్లోనే ఇలా జరగడం లేదని తెలిసేది. ఆ ధైర్యం వాళ్లకు దక్కలేదు.

రెండు తాళాలు తెరుచుకున్న ఏడాది

1980 నాటికి వియత్నాం యుద్ధం ముగిసి అయిదేళ్లయింది. హాలీవుడ్ నిర్మాతల సంఘం అధ్యక్షుడు జాక్ వాలెంటి, నిర్మాత రే స్టార్క్ తదితరులు సినిమాని విడుదల చేయాలని పట్టుబట్టారు. ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ కల్పించుకున్నాడు. ఆ డిసెంబరులో సైన్య వ్యవహారాల కార్యదర్శి క్లిఫర్డ్ అలెగ్జాండర్ నిషేధం ఎత్తేశాడు. అమెరికా సైన్యానికి ఆ పదవిలో పనిచేసిన తొలి నల్లజాతీయుడు ఆయన. మరుసటి ఏడాది జనం చూశారు, కేన్స్ చిత్రోత్సవంలోనూ ప్రదర్శించారు.

యాదృచ్ఛికమే కావచ్చు గానీ, అదే 1980లో మరో తాళం కూడా తెరుచుకుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల జాబితాలో ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ని చేర్చింది. షెల్ షాక్, యుద్ధపు అలసట, నరాల బలహీనత... ఇలా ఒక్కో యుద్ధంలో ఒక్కో పేరుతో తిరిగిన ఆ బాధకు వైద్య గ్రంథంలో ఒక చోటు దొరికింది.

సినిమా చూశాక ‘ఇంతేనా?’ అనుకున్నవాళ్లూ ఉన్నారు. అన్నేళ్లు దాచారంటే సైన్యం గుట్టు రట్టు చేసే దృశ్యాలేవో ఉంటాయని ఆశించారు. తీరా చూస్తే సైనిక డాక్టర్లు దేవుళ్లలా ఉన్నారు. చికిత్సలన్నీ ఫలించేశాయి. నిజమే, ఆ విషయంలో సినిమా మరీ ఆశావాది. ఆస్పత్రి గేటు దాటాక ఆ మనుషులు ఏమయ్యారో, పీడకలలు మళ్లీ వచ్చాయో లేదో చెప్పదు. కొద్ది వారాల్లో అందరూ బాగుపడిపోయినట్టే కనిపిస్తుంది. ఇవాళ్టి డాక్టర్లెవరూ అంత ధీమాగా మాట్లాడరు. అప్పటి మగత మందుల పద్ధతి కూడా దాదాపు కనుమరుగైంది. మాటల ద్వారా చేసే చికిత్సలు మాత్రం ఎన్నో రూపాల్లో కొనసాగుతున్నాయి.

అయినా సరే, ఆ సినిమా నిలిచింది. 2010లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చోటు దక్కింది. 2012లో బొమ్మనీ ధ్వనినీ శుభ్రం చేసి ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. ఒకప్పుడు గొణుగుడులా వినిపించిన ఆ సైనికుల మాటలు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తాయి. 1987లో కన్నుమూసిన హ్యూస్టన్, తన సినిమా చీకట్లోంచి బయటపడటాన్ని మాత్రం కళ్లారా చూశాడు.

సినిమా చివర్లో బేస్‌బాల్ ఆట ఉంటుంది. బంతిని కొట్టి పరుగెత్తుతున్న వాళ్లలో ఒకణ్ని గుర్తుపడతాం... మొదట్లో ఇద్దరు మోసుకొస్తే తప్ప కదల్లేని మనిషి అతనే. ఆ తర్వాత బస్సొస్తుంది. అందరూ ఎక్కుతారు. కిటికీల్లోంచి చేతులూపుతారు. ఓడ దిగినప్పటి ముఖాలు కావవి. నవ్వుతున్నాయి.

ఆ బస్సు గేటు దాటి రోడ్డెక్కింది 1945లో. అందులో ఉన్నవాళ్లు కూర్చున్న తీరూ, ఏడ్చిన తీరూ, నవ్విన తీరూ లోకానికి చేరడానికి మాత్రం ఇంకో మూడున్నర దశాబ్దాలు పట్టింది. ఈలోగా ఎన్ని ఇళ్లలో ఎందరు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచారో, ‘నాకేం కాలేదు’ అంటూ ఎందరు అటు తిరిగి పడుకున్నారో... ఆ రీళ్లు ఏ కెమెరా దగ్గరా లేవు.